మా రోజుల్లో పిల్లికి తలుపెక్కడిది?

తలుపులు మనుషులకి పెట్టుకుంటారు. గేదె ఈనబోతోందని పాక గుమ్మం వెడల్పు చేయించినవాళ్ళని చూశాను. బస్తా భుజానేసుకుని దూరేందుకు కొట్టు గుమ్మం ఎత్తు పెంచినవాళ్ళనీ చూశాను. పంచాయతీరాజ్ శాఖలో ఓవర్సీరుగా చేరి రిటైరయ్యేదాకా బళ్ళకీ, ఆస్పత్రులకీ, పశువుల కొట్టాలకీ నేను నిలబెట్టించిన ద్వారబంధాలకి లెక్క లేదు. అంత సర్వీసులోనూ పిల్లికి తలుపు పెట్టించాలి, ఎస్టిమేటు వేయండి అని అడిగిన సర్పంచి ఒక్కడు లేడు. ఆ ముచ్చట ఇంగ్లండు వెళ్ళాక తీరింది.

రెడింగ్‌లో మా అమ్మాయి, అల్లుడు ఉంటారు. వాళ్ళకో కూతురు, ఆ కూతురికో పిల్లి. పేరు బిస్కెట్. మా రోజుల్లో పిల్లికి పేరుండేది కాదు, 'పిల్లి' అంటే సరిపోయేది. ఆ బిస్కెట్ బయటికి వెళ్ళి రావడానికి వెనక తలుపుకి చిన్న తలుపు పెట్టించాలని రోజూ రాత్రి భోజనాల దగ్గర చర్చ. ఏ రకం, ఎంత ఎత్తు, ఎన్ని సెల్లులు, ఫోనుకి కలిసేదా కలవనిదా! మా అమ్మాయికి సంబంధాలు చూసిన రోజుల్లో నేను ఈ అల్లుడి గురించి ఇన్ని వివరాలు అడగలేదు.

మా ఊరు అమలాపురం దగ్గర. మండువా లోగిలి. నాలుగు పక్కలా వాలు పెంకులు, నడిమధ్య ఆకాశం. వానకాలం వాన, వేసంగిలో ఎండ, పున్నమికి వెన్నెల తిన్నగా ఇంట్లోకే పడేవి. పిల్లీ అలాగే పడేది. అది చాలదన్నట్టు గోడకీ కప్పుకీ నడుమ వాసాల సందు, వంటింటి పొగ పోవడానికి వదిలిన కన్నం, పెరటి తూము, ఊచల కిటికీలు. ఊచకీ ఊచకీ మధ్య మనిషి తల పట్టకూడదు, గాలి మాత్రం ఆడాలి అనేది మేస్త్రీ లెక్క. ఆ లెక్కలోనే పిల్లి దారి కూడా వచ్చేసేది. దానికోసం వేరే కూలీ ఇవ్వలేదు.

అలాగని మేం అమాయకులమేమీ కాదు. పాలు దాలిలో కాగేవి, మీద చిల్లుల మూకుడు. తోడేసిన పెరుగు ఉట్టి మీద. నేతిగిన్నె గూట్లో, గూటికి గడియ. చేపలు తెచ్చిన రోజున బుట్ట బోర్లించి దానిమీద సన్నికల్లు పొత్రం. కాపలా అంతా సరుకుకి. దారికి కాపలా పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఎంతమందికని పెడతాం? పిచ్చుకలు వచ్చేవి, ఉడతలు వచ్చేవి, చుట్టాలు చెప్పకుండా వచ్చేవారు. పిల్లి శాపాలకి ఉట్లు తెగవని మా నాయనమ్మ ధైర్యం.

పిల్లిని ఊరికే రానిచ్చామనుకోకండి. పురిలో ధాన్యం, కొట్లో కొబ్బరికాయలు ఉన్న ఇంట్లో ఎలుకలకి కరువుండదు. పిల్లికి పనుండేది. పగలంతా అటక మీద పడుకుని రాత్రి డ్యూటీ ఎక్కేది. మజ్జిగన్నం ముద్దా, చేప తలా దాని జీతం. ఈనిందంటే పిల్లల్ని నోట కరుచుకుని ఇల్లిల్లూ మార్చేది. మా పురి వెనక పుట్టినవి మునసబుగారి అటక మీద కళ్ళు తెరిచేవి. అది ఎవరి పిల్లి అని అడిగినవాడు లేడు.

ఇక రెడింగ్ ఇల్లు. తలుపు వేస్తే బయట వాన పడుతోందో లేదో చెవికి తెలియదు. కిటికీకి రెండు అద్దాలు, వాటి నడుమ ఖాళీలో ఆర్గాన్ వాయువు నింపి అంచులు మూసేస్తారు. గోడ కూడా రెండు వరసలు, మధ్య సందు. తలుపు అంచుల చుట్టూ రబ్బరు. వాళ్ళ శత్రువు చలి, మన శత్రువు ఉక్క. కాబట్టి మనం సందులు వదిలి కడితే వాళ్ళు సందులు మూసి కడతారు. ఇంజనీరుగా అంతవరకూ ఒప్పుకుంటాను. కానీ సందనేది లేకుండా లక్షల పౌండ్లు పెట్టి ఇల్లు కొనుక్కుని, మళ్ళీ డబ్బు పెట్టి దానికి సందు చేయించుకోవడం నా సర్వీసులో ఏ ఫైల్లోనూ చూడలేదు.

పగలు ఇంట్లో ఉండేది నేనూ మా ఆవిడే. బిస్కెట్ తలుపు దగ్గరికొచ్చి నావైపు చూస్తుంది. తీస్తాను. గడప మీద నిలబడి వాతావరణం పరిశీలిస్తుంది. ఇల్లంతా చల్లబడ్డాక వెళుతుంది. నేను కుర్చీలో కూచుని పేపరు తిప్పేసరికి బయటినుంచి గీకుతుంది. లండన్‌లో ప్రధానమంత్రి ఉండే 10 డౌనింగ్ స్ట్రీట్‌లో లారీ అని ఓ పిల్లి ఉంది. 2011లో వచ్చింది. ప్రధానులు వస్తున్నారు, పోతున్నారు, అది మాత్రం కదల్లేదు. ఆ గుమ్మం ముందు అది కూచుంటే కాపలా పోలీసు తలుపు తట్టి లోపలివాళ్ళ చేత తెరిపిస్తాడు. అతనికి జీతం ఉంది. నాది గౌరవ ఉద్యోగం.

అందుకని పిల్లితలుపు పెట్టిస్తామంటే మొదట సంతోషించినవాణ్ణి నేనే. చెక్క ముక్కకి రెండు బందులేసి వేలాడదీస్తే అయిపోయే పని అనుకున్నాను. "అలా కుదరదు మావయ్యగారూ, వాటిలో రకాలున్నాయండీ" అని అల్లుడు లాప్‌టాప్ నా ముందు పెట్టాడు.

మొదటి రకం ఒట్టి ఊగే రేకు. దానికి నాలుగు పద్ధతుల గడియ: రావడం పోవడం రెండూ, రావడం మాత్రమే, పోవడం మాత్రమే, మొత్తం బంద్. ఇరవై పౌండ్ల లోపు దొరుకుతుంది. ఇది చాలు కదా అన్నాను. చాలదట. పక్కింటి మగపిల్లి, ఎర్రది, మెడ లావుగా ఉంటుంది, అది కూడా దూరుతుందట. రెండో రకానికి పిల్లి మెడపట్టీకి అయస్కాంతం కట్టాలి. దగ్గరికి రాగానే గడియ ఊడుతుంది. ఆ అయస్కాంతానికి దారిలో మేకులూ మరలూ అంటుకుంటాయి. పైగా పక్కింటి పిల్లికీ అయస్కాంతం ఉంటే దానికీ తెరుచుకుంటుంది. తాళంచెవి ఊరంతా పంచినాక ఇక తాళమెందుకు?

మూడో రకం మైక్రోచిప్‌ది. ఇంగ్లండులో 2024 జూన్ 10 నుంచి పెంపుడు పిల్లులకి మైక్రోచిప్ తప్పనిసరి. పుట్టిన ఇరవై వారాల్లోపు వేయించాలి. వేయించలేదని తేలితే గడువిస్తారు, అప్పటికీ వేయించకపోతే ఐదొందల పౌండ్లదాకా జరిమానా. బియ్యపుగింజంత చిప్‌ని భుజాల మధ్య చర్మం కిందికి సూదితో ఎక్కిస్తారు. అందులో 15 అంకెల సంఖ్య ఉంటుంది. నా ఆధార్‌కి 12 అంకెలే. చిప్‌లో బ్యాటరీ ఉండదు. తలుపు చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచి వచ్చే రేడియో తరంగాలతోనే దానికి జీవం వచ్చి తన సంఖ్య చెబుతుంది. సంఖ్య జాబితాలో ఉంటే గడియ ఊడుతుంది, లేకపోతే లేదు. ఈ వ్యవహారం నడపడానికి తలుపులో నాలుగు పెన్సిల్ సెల్లులు.

ఆ తలుపు 32 పిల్లుల్ని గుర్తుపెట్టుకుంటుందట! 32 పిల్లులున్న ఇంటికి తలుపు కాదు కావాల్సింది, రెవెన్యూ సిబ్బంది. ఇంకాస్త డబ్బు పెడితే ఇంటర్నెట్‌కి కలిసేది వస్తుంది. పిల్లి ఎన్నింటికి బయటికెళ్ళిందో, ఎన్నింటికి తిరిగొచ్చిందో అల్లుడి ఫోనుకి కబురొస్తుంది. చీకటి పడ్డాక బయటికి పోనివ్వకుండా గంటలు కూడా పెట్టుకోవచ్చు. మావాడు ఇంటర్మీడియెట్‌లో రెండో ఆట సినిమా చూసి గోడ దూకి వచ్చే రోజుల్లో నాకీ సౌకర్యం లేకపోయింది. ఎవరికి అవసరమో వాళ్ళకి పెట్టరు.

సరే, కొన్నారు. ఇక ఎక్కడ కొయ్యాలి? ఇక్కడికొచ్చేసరికి నాలో ఓవర్సీరు లేచాడు. హాల్లో పెద్ద అద్దాల తలుపుంది. అందులో కోద్దామని అమ్మాయి అంది. అది గట్టిపరిచిన అద్దం. గట్టిపరిచాక దాన్ని కొయ్యబోతే పొడిపొడి అయిపోతుంది. కన్నం కావాలంటే ముందే కోసి, ఆ తరవాత కాల్చి గట్టిపరచాలి. అంటే రెండద్దాల బిళ్ళ మొత్తం కొత్తగా చేయించాల్సిందే. తలుపు ఖరీదు అటుంచి, దానికయ్యే ఖర్చుతో మా ఊళ్ళో వరండాకి గచ్చు చేయించవచ్చు. గరాజ్‌లోకి వెళ్ళే తలుపు చూపించాడు అల్లుడు. అది నిప్పుని ఆపే తలుపు. దానికి కన్నం పెడితే మంటకీ పొగకీ దారి ఇచ్చినట్టే. వద్దన్నాను. గోడకి పెడదామంటే రెండు వరసల ఇటుకల్నీ దాటే సొరంగం అమర్చాలి, మధ్య సందులో చెమ్మ అటునుంచి ఇటు దాటకుండా చుట్టూ కట్టుదిట్టం చేయాలి.

చివరికి వంటింటి వెనక తలుపు తేలింది. ప్లాస్టిక్ తలుపు, కింద సగం గుల్లపలక. రెండు పలచని ప్లాస్టిక్ రేకులు, మధ్య నురుగుబిళ్ళ. కోత సులువు. ఇలాంటి పలకల్లో కొన్నిటి లోపల అల్యూమినియం రేకు ఉంటుంది. లోహం అడ్డొస్తే చిప్ చదవడం దెబ్బతింటుంది, అప్పుడు కన్నం పెద్దది కోసి వేరే చట్రం వేయాలి. కాబట్టి ముందు తట్టి, చిన్న రంధ్రం వేసి చూసుకోవాలి. అద్దెకుండేవాళ్ళయితే ఇంటాయన అనుమతి లేకుండా రంపం ముట్టుకోకూడదు. తలుపు కొత్తదైతే కోసిన మరుక్షణం దాని గ్యారంటీ పోవచ్చు, అదీ చూసుకోవాలి.

ఎత్తు దగ్గర అందరూ పొరబడతారు. మూరెడు పైకి పెడితే పిల్లి దూకాలి. వయసులో ఉన్నప్పుడు దూకుతుంది, ముసలిదయ్యాక ఎవరెత్తుతారు? పిల్లి నిలబడితే దాని పొట్ట ఎంత ఎత్తులో ఉంటుందో కన్నం కింది అంచు దాదాపు అంత ఎత్తులో రావాలి, అంటే సుమారు ఆరంగుళాలు. అప్పుడు అడుగేసి దాటుతుంది. వెడల్పు దాని భుజాల దగ్గర కొలవాలి. లావెక్కే జాతైతే పెద్ద సైజు కొనాలి. ఇంకో సంగతి అల్లుడు చూడలేదు: లోపలి నేలకీ బయటి నేలకీ ఎత్తు తేడా ఉంది. లోపల్నించి కొలిచిన ఆరంగుళాలు బయట అడుగున్నర అయింది. బయట ఇటుకలతో చిన్న మెట్టు నేను కట్టాను. ఆ ఇంట్లో సిమెంటు పని తెలిసినవాడు మరొకడు లేడు.

మా రోజుల్లో ఇలాంటి పనికి వడ్రంగి వచ్చేవాడు. ఉలి, బాడిస, బరమా, చిత్రిక సంచిలో ఉండేవి. కొలత కంటితోనే. కాఫీ తాగి, ఊళ్ళో కబుర్లు చెప్పి, పని చేసి, కూలి పుచ్చుకుని వెళ్ళేవాడు. ఇక్కడ పనివాడు దొరకాలంటే వారాలు. అందుకని అల్లుడు యూట్యూబ్ చూసి కరెంటు రంపం కొనుక్కొచ్చాడు. ఇచ్చిన కాగితం నమూనా తలుపుకి అంటించి, రసమట్టం పెట్టి గీత గీశాడు. నాలుగు మూలలా డ్రిల్లుతో రంధ్రాలు వేసి, రంధ్రంలో రంపపు పళ్ళు దూర్చి గీత వెంట కోశాడు. లోపలి చట్రం, బయటి చట్రం ఎదురెదురుగా పెట్టి మరలు బిగించాలి. కుర్రతనం కదా, మరీ బిగించేశాడు. చట్రం వంగి రేకు ఇరుక్కుంది. "ఒక చుట్టు వదులు చెయ్యి బాబూ" అన్నాను. చేశాడు, ఆడింది. బయట వాన దిగకుండా అంచులకి సిలికాన్ పట్టించాడు. చలిగాలికి చట్రం లోపల కుచ్చు బ్రష్షు ఉంది. పని బాగుంది. నా చేత్తో బిల్లు పాస్ చేసే పనే, ఆ మాట ఒప్పుకోవాలి.

పిల్లికి నేర్పడానికీ ఓ పద్ధతి. ముందు రేకుని పైకెత్తి టేపుతో అంటించి ఉంచాలి. అవతల దానికిష్టమైనది పెట్టి పిలవాలి. వెనకనుంచి తొయ్యకూడదు, తోస్తే జన్మలో ఆ దరిదాపులకి రాదు. కన్నం అలవాటయ్యాక రేకు వదలాలి. తలుపు మీద మీట నొక్కి పిల్లిని ఒకసారి దాటించాలి, దాని సంఖ్యని తలుపు నేర్చుకుంటుంది. మా ఊరి పిల్లికి వాసాల సందు ఎవరు నేర్పారు?

"న్యూటనే దీన్ని కనిపెట్టాడు తాతయ్యా" అంది మనవరాలు. పెద్ద పిల్లికి పెద్ద కన్నం, పిల్లపిల్లికి చిన్న కన్నం పెట్టించాడని ఓ కథ. కేంబ్రిడ్జిలో ఆయన ఉన్న గది తలుపుకి పూడ్చిన కన్నాలు రెండు ఉన్నాయని 1827లో ఒకాయన పుస్తకంలో రాశాడు కూడా. కానీ ఆయన దగ్గర లేఖకుడిగా పనిచేసిన హంఫ్రీ న్యూటన్, ఆ గదిలో కుక్కా లేదు పిల్లీ లేదు అని రాసిపెట్టాడు. పైగా న్యూటన్ పుట్టింది 1642లో. అంతకు ముందే తలుపుల్లో పిల్లి కన్నాలున్నాయి. పద్నాలుగో శతాబ్దపు కవి చాసర్ ఓ కథలో తలుపు అడుగున పిల్లి దూరే కన్నం పెట్టాడు, నౌకరు అందులోంచి తొంగిచూడడానికి.

సెలవుల్లో ఎక్సెటర్ వెళ్ళాం. పెద్ద చర్చి. ఉత్తరపు పక్క పాత ఖగోళ గడియారం, దాని కింద గోడకి చెక్క తలుపు, ఆ తలుపు అడుగున గుండ్రంగా కన్నం. గడియారం తాళ్ళకి జంతువుల కొవ్వు రాసేవారట, దానికి ఎలుకలు చేరేవి. ఆ ఎలుకల కోసం పిల్లి. 1598లో కన్నం కోసినందుకు వడ్రంగులకి ఎనిమిది పెన్నీలు ఇచ్చినట్టు లెక్కల్లో ఉంది. అంతకు చాలా ముందు, 1305 నుంచి 1467 దాకా ఉన్న పద్దుల్లో పిల్లి ఖర్చు మూడు నెలలకి 13 పెన్నీలు, అంటే వారానికో పెన్నీ. నేను ఆ కన్నం ముందు చాలాసేపు నిలబడ్డాను. రేకు లేదు, గడియ లేదు, సెల్లులు లేవు. నాలుగొందల ఏళ్ళు దాటింది, రిపేరు లేదు. ఇంగ్లీషువాళ్ళ మా రోజుల్లోనూ ఇదే పద్ధతి: పిల్లికి పని, పనికి జీతం, రాకపోకలకి కన్నం. మధ్యలో చెడిపోయింది వీళ్ళే.

చెడిపోయారనడానికి రుజువు చెబుతాను. ఒక తెల్లవారుజామున బిస్కెట్ ఎలుకని పట్టుకుని ఆ తలుపులోంచే లోపలికొచ్చి హాల్లో తివాచీ మీద పెట్టింది. అల్లుడి ఫోను టింగుమంది, 'బిస్కెట్ ఇంటికి వచ్చింది' అని. దాని నోట్లో ఏముందో తలుపుకి తెలియదు. అమ్మాయి కుర్చీ ఎక్కింది, మనవరాలు ఏడ్చింది. మా ఆవిడ ఒక్కతే చీపురూ చేటా తెచ్చి ఎత్తి పారేసి, "మంచి పిల్లే" అంది. ఆ సాయంత్రమే అల్లుడు ఇంకో తలుపు గురించి వెతకడం మొదలెట్టాడు. సియాటిల్‌లో ఒక అమెజాన్ ఉద్యోగి 2019లో, తన పిల్లి నోట్లో వేట ఉంటే కెమెరా కనిపెట్టి తలుపుకి గడియ పడేలా చేసి సభలో చెప్పాడు. ఆ తరవాత స్విట్జర్లండ్‌లాంటి చోట్ల అలాంటి తలుపులు అమ్మకానికే పెట్టారు. ఎలుకల్ని పట్టాలని పిల్లికి కన్నం పెట్టినవాళ్ళ మనవలు, ఎలుకని పట్టిందని పిల్లికి తలుపు మూస్తున్నారు!

మన దగ్గరేదో మేలనుకోకండి. హైదరాబాదులో మా అబ్బాయిది తొమ్మిదో అంతస్తు. బాల్కనీకి పావురాల వల, ప్రతి గుమ్మానికీ దోమల నెట్ తలుపు. ఆ నెట్‌లో చిన్న చదరం కోయించి పిల్లి తలుపు బిగించుకున్నారు, హాల్లోంచి బాల్కనీకి వెళ్ళడానికి. వాళ్ళ పిల్లి వెళ్ళేది అంతవరకే. అక్కడ కూచుని వల అవతలి పావురాన్ని చూస్తుంది.

ఇప్పటి పిల్లులకి పాలు కూడా పొయ్యకూడదట. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదని డాక్టర్లు చెబుతారు, నిజమే కావచ్చు. మా పిల్లులు అరిగించుకున్నాయో లేదో మేం అడగలేదు, దొంగిలించిన పాలకి మమ్మల్ని పూచీ అడిగేవారెవరు? అవి నాలుగైదేళ్ళు కనిపించేవి, తరవాత కనిపించేవి కావు. బిస్కెట్‌కి పద్నాలుగు పదిహేనేళ్ళు బతికే యోగం ఉందంటున్నారు. ఆ సంగతిలో మాత్రం నేను మాట్లాడను.

నా ఫిర్యాదల్లా ఒక్కటే. పక్కింటి ఎర్ర పిల్లి ఇప్పుడు రోజూ ఆ తలుపు ముందు కూచుంటుంది. దాని సంఖ్య జాబితాలో లేదు. తలుపు తియ్యదు. నేను కట్టిన మెట్టు మీదే కూచుని అరుస్తుంది. మనవరాలికి జాలేసి మనుషుల తలుపు తీసి లోపలికి పిలుస్తుంది. అది తిన్నగా వంటింట్లోకి వెళ్ళి బిస్కెట్ గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని పోతుంది. ఇంత ఖర్చుపెట్టి తలుపు పెట్టిస్తే ఏం లాభమని అమ్మాయి గొడవ.

అప్పుడు చెప్పాను. "అమ్మా, మీ పొరపాటు తలుపు దగ్గర లేదు. మేం ఏనాడూ దారికి కాపలా పెట్టలేదు, సరుకుకి పెట్టాం. వచ్చే పిల్లిని రానీండి. గిన్నె మీద మూత పెట్టుకోండి, అది చాలు."

అల్లుడి మొహం వెలిగింది. "భలే చెప్పారు మావయ్యగారూ!" అంటూ ఫోను తీశాడు. నా మాట విన్న అల్లుడు దొరికాడని నేను మా ఆవిడ వైపు గర్వంగా చూశాను. రెండురోజుల్లో పెట్టె వచ్చింది. మూతున్న గిన్నె. బిస్కెట్ తల పెడితే చిప్ చదివి మూత తీస్తుంది, ఎర్రది తల పెడితే తియ్యదు. మళ్ళీ సెల్లులు, ఈసారి లావువి.

ఉట్టికి కూడా బ్యాటరీలు వేశారండీ!